చలి పొద్దున చక్రాల ఆట



పోయిన డిసెంబరులో మా రేగొండకు ఒక కొత్త వస్తువు వచ్చింది. హైదరాబాదులో ఉంటున్న మా అమ్మాయి, బడికి క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే తన కొడుకును తెచ్చి మా దగ్గర దించి వెళ్లింది. వాడి బట్టల సంచి కన్న ముందు బస్సులోనుండి దిగింది ఒక స్కేట్ బోర్డు. రెండున్నర అడుగుల పొడవు, జానెడు వెడల్పు, రెండు కొసలూ పైకి వంగిన చెక్క. కింద నాలుగు చిన్న చక్రాలు. పట్టుకోవడానికి పిడి లేదు, ఆపడానికి బ్రేకు లేదు. ఒక కాలు దాని మీద పెట్టి, ఇంకొక కాలితో నేలను తన్ని, వేగం అందుకున్నాక రెండు కాళ్లూ ఎక్కించి నిలబడి పోవాలి. మా ఇంటావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పీట అయితే చక్రాలెందుకు? బండి అయితే కూర్చునే చోటేది?" అన్నది.

నిజానికి మన పల్లెలకు ఇది అంత కొత్త కాదు. మెకానిక్కు షాపులో అరిగిపోయిన బేరింగులు మూడు అడుక్కొచ్చి, వెనుక రెండు, ముందు ఒకటి బిగించి, పైన ఒక చెక్క కొట్టి, తాడుతో తిప్పుకుంటూ పోయే బేరింగుల బండిని మనలో చాలామంది చిన్నప్పుడు నడిపాము. మోకాళ్ల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా సముద్ర తీరంలో అలల మీద పలకలతో ఆడే యువకులు, అలలు లేని రోజున ఏం చేయాలో తోచక చెక్కకు చక్రాలు బిగించుకున్నారట. 1950ల నాటికి అది అక్కడ ఒక ఆటగా నిలబడింది. అదే ఆట 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. అక్కడ స్త్రీల స్ట్రీట్ పోటీలో బంగారు పతకం గెలిచిన జపాను బాలిక మోమిజి నిషియాకు అప్పటికి 13 ఏండ్లే. మన దేశంలోనూ మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే పల్లెలో 2015లో ఉల్‌రికె రైన్‌హార్డ్ అనే జర్మను మహిళ పిల్లల కోసం స్కేటింగు స్థలం కట్టించారు. బడికి పోనివాడికి అక్కడ ఆట లేదు అన్నది వారి నియమం. ఆ పల్లెకు చెందిన ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లి వచ్చింది. కాబట్టి ఇది పట్నపు పిల్లల పోకిరి ఆట అని తీసివేయడానికి వీలు లేదు. అయితే ఈ నెల మేము రాయదలచినది ఆట గొప్పతనం గురించి కాదు. ఆ చలిలో పిల్లవాడికి ఏం తొడిగి బయటికి పంపాలి అన్న విషయంలో మా ఇంట్లోనే జరిగిన పొరపాటు గురించి.

మన దిక్కు చలి ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఉత్తరపు గాలి తిరిగితే తెల్లవారు జామున పన్నెండు డిగ్రీలకు, ఒక్కోసారి పదికి కూడా దిగుతుంది. అదే రోజు మధ్యాహ్నం ఇరవై ఎనిమిది, ముప్పై. ఒకే పగటిలో రెండు కాలాలు. పొద్దున ఆరు గంటలకు కావలసిన బట్ట పది గంటలకు బరువు. మన చలిలోని చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

మా మనవడు మొదటి రోజు ఆరు గంటలకే లేచి, మందిరం పక్కన వేసిన సిమెంటు రోడ్డు మీద ఆడుకుంటానన్నాడు. అమ్మమ్మ ఊరుకుంటుందా? బనియను, దాని మీద నిండు చేతుల చొక్కా, దాని మీద స్వెట్టరు, దాని మీద నైలాను జాకెట్టు, తలకు మంకీ క్యాపు, మెడకు మఫ్లరు. పిల్లవాడు కనబడటం లేదు, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. మేము కూడా చూసి సంతోషించాము. ఇక చలి వాణ్ణి తాకదు అనుకున్నాము.

అదే రోడ్డు మీద మా వాడ పిల్లవాడు ఒకడు బేరింగుల బండితో ఉన్నాడు. వాళ్ల అమ్మా నాన్నా పత్తి ఏరడానికి చీకటితోనే పోతారు. తాత గొర్లు కాస్తాడు. వాడి ఒంటి మీద చిల్లుల బనియను, నిక్కరు తప్ప ఏమీ లేవు. మేము గేటు దగ్గర నిలబడి, "ఏమిరా, ఇంత చలిలో అంగి లేకుండా తిరుగుతున్నావు, జబ్బు పడతావు" అని గద్దించాము. వాడు నవ్వి బండి తోసుకుంటూ పోయాడు.

ముప్పావు గంట తర్వాత మా వాడు మందిరం మెట్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు తోసుకుంటూ పోయేది ఆ పిల్లవాడు, చూసేది మా వాడు. బోర్డు చేతులు మారింది అన్న మాట. మా వాడు అట్లా ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. ఇంటికి వచ్చేసరికి పెదవులు నల్లబడి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అమ్మమ్మ చలి ఎక్కువైందని పైనుండి దుప్పటి కప్పింది. జాకెట్టు విప్పలేదు. సాయంత్రానికి దగ్గు పట్టుకుంది. రాత్రి రెండు గంటలకు పిల్లికూతలు మొదలైనాయి. ఊపిరి తీసుకుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. వాడికి చిన్నప్పుడు రెండుసార్లు అట్లా వచ్చిందని మాకు తెలుసు, మరచిపోయాము. ఆ రాత్రి ఆటో కోసం ఊరంతా తిరిగిన మాట, పరకాల దాకా వాణ్ణి ఒళ్లో నిలబెట్టుకుని పోయిన మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చేయి వణుకుతున్నది.

డాక్టరు గారు మందు ఆవిరి పట్టించి, వాడు కుదుటపడ్డాక మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఆడి వచ్చాక బట్టలు మార్చారా?" అని. మేము జాకెట్టు గురించి, స్వెట్టరు గురించి చెప్పుకుంటూ పోయాము. ఆయన మళ్లీ అదే అడిగారు. లోపలి చొక్కా పిండితే నీళ్లు కారేటట్టు ఉన్న సంగతి అప్పుడు అమ్మమ్మకు గుర్తుకు వచ్చింది.

ఇంటికి వచ్చిన మరునాడు ఆ బండి పిల్లవాణ్ణి పిలిచి అడిగాము: నీకు చలి పెట్టదారా అని. వాడు చెప్పిన జవాబు ఇది. "ఆడేటప్పుడు పెట్టది సార్. అంగి తీసి గొంగడి కింద పెడత. ఆట అయినంక తొడుక్కుంట. ఇస్కూలుకు గదే అంగి ఏసుకపోవాలె. చెమటకు తడిస్తే ఎట్ల?"

వాడి తాత గొంగడి మందిరం గోడ మీద ఉన్నది. దాని కింద మడత పెట్టిన చొక్కా ఉన్నది, వెచ్చగా, పొడిగా. మేము గద్దించిన పిల్లవాడు చేస్తున్నదే సరి; మేము ముద్దు చేసి తొడిగినదే తప్పు. లేమి నేర్పిన పద్ధతి అది. దాని వెనుక ఉన్న సంగతి ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకుందాము, ఎందుకంటే మేము కూడా అరవై ఏండ్లు దాటాకే తెలుసుకున్నాము.

ఆడే పిల్లవాడి ఒళ్లు పొయ్యి వంటిది. కూర్చున్నప్పటి కంటే ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోవాలి. పోవడానికి చెమట పడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. మన పొయ్యి మీద ఏడు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి అది. ఎండాకాలంలో అది మనకు మేలు. చలికాలంలో ఆట ఆపాక మాత్రం అదే శత్రువు. ఎందుకంటే పొయ్యి ఆరిపోయింది, చెమట మాత్రం బట్టలో మిగిలి ఉన్నది. అది ఆరడానికి కావలసిన వేడిని పిల్లవాడి ఒంట్లోనుండి లాగుకుంటుంది. పైగా నీరు వేడిని గాలి కన్న సుమారు ఇరవై ఐదు రెట్లు ఎక్కువగా బయటికి మోసుకుపోతుంది. పొడి బట్టలో మనల్ని కాపాడేది నూలు కాదు, నూలు పోగుల మధ్య నిలిచి ఉన్న గాలి. ఆ గాలి ఉన్న చోట నీరు నిండితే బట్ట ఎంత మందమైనా దండగ. నైలాను జాకెట్టు ఇంకా కీడు చేస్తుంది. లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. బయట గాలిని ఆపుతూ లోపల స్నానం చేయిస్తుంది.

గొంగడిని చూడండి. దక్కను గొర్రెల ఉన్నితో మన కురుమలు నేసే ఆ నల్లటి గుడ్డ గరుకుగా, బరువుగా ఉంటుందని మన పిల్లలు ముట్టరు. కాని ఉన్నికి ఒక గుణం ఉన్నది. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా తడిసినట్టు తెలియనివ్వదు. అందుకే గొర్ల కాపరి వానలోనూ చలిలోనూ అదే కప్పుకుంటాడు. నూలు చొక్కా అట్లా కాదు, తడిస్తే తడిసినట్టే ఒంటికి అంటుకుని ఉంటుంది. పిల్లలు పది మంది కలిసి కొనుక్కునే క్రికెట్టు జెర్సీ ఉన్నది చూడండి, ఆ పల్చటి పాలిస్టరు బనియను, ఎండాకాలంలో మనం తిట్టుకుంటాము గాని చలికాలపు ఆటకు ఒంటిని అంటి ఉండే బట్టగా అదే మంచిది. త్వరగా ఆరుతుంది. మంట దగ్గర మాత్రం అదే ప్రమాదం. ఆ సంగతికి తర్వాత వస్తాము.

కాబట్టి తల్లులకు మేము చెప్పేది ఏమంటే, ఆడబోయే పిల్లవాణ్ణి గడపలో నిలబెట్టి చూడండి. నిలబడినప్పుడే వెచ్చగా హాయిగా ఉన్నాడంటే బట్టలు ఎక్కువైనట్టు. కొంచెం చలిగా ఉన్నది అనాలి. అట్లా ఉంటేనే ఐదు నిమిషాల ఆటకు సరిపోతాడు. ఒంటికి అంటేది పల్చగా, త్వరగా ఆరేది. దాని మీద ఒక వదులైన స్వెట్టరో ఉన్ని బట్టో, సులువుగా విప్పగలిగేది. గాలి కొడుతుంటే పైన ఒక పల్చటి జాకెట్టు, ముందు జిప్పు తెరచి. ఒళ్లు వేడెక్కగానే, చెమట పట్టక ముందే, స్వెట్టరు విప్పి మంచు పడని చోట పెట్టాలి. ఆట ఆపగానే, కూర్చోవడానికి ముందే, తడి చొక్కా మార్చి పొడిది తొడిగి దాని మీద స్వెట్టరు వేసుకోవాలి. స్వెట్టరుకు అసలు పని ఆట తర్వాతనే. మేము దాన్ని తలకిందులు చేశాము. పొద్దున అన్నీ తొడిగి, ఆట అయ్యాక ఏమీ మార్చలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు తల్లిదండ్రుల కోసం దూది పొరల లావు జాకెట్లు పంపుతుంటారు. చికాగో వంటి ఊళ్లలో జనవరిలో నీళ్లు గడ్డ కట్టే చలి. అక్కడికి అవి తగినవి. అక్కడ కూడా పిల్లలు మంచు ఊడ్చిన కాలిబాటల మీద ఇదే స్కేట్ బోర్డు ఆడతారు, ఒక్కొక్క పొరే విప్పుకుంటూ. మన దగ్గర ఆ జాకెట్టు ఆటకు పనికి రాదు. మెట్ల మీద కూర్చున్నప్పుడు కప్పుకోవడానికి అయితే దివ్యంగా ఉంటుంది. మన పాండవుల గుట్టల మీద తాళ్లు కట్టుకుని బండలు ఎక్కడానికి వచ్చే పట్నపు యువకులను గమనించాము. ఎక్కేవాడు పల్చటి బనియనుతో ఉంటాడు, కింద తాడు పట్టుకుని నిలబడినవాడు జాకెట్టుతో ఉంటాడు. ఒకడు దిగాక ఇద్దరూ మార్చుకుంటారు.

తలలోనుండి సగం వేడి పోతుందని మనకు ఒక నమ్మకం. అది అంత నిజం కాదు. తల ఒంట్లో ఎంత భాగమో వేడి కూడా దాదాపు అంతే పోతుంది, పదింట ఒక వంతు అనుకోండి. అయినా చెవులకు గాలి కొడితే నొప్పి పుడుతుంది గనుక చెవులు మూసే పల్చటి టోపీ మంచిదే. మంకీ క్యాపుతో చిక్కేమంటే, దాని మీద హెల్మెట్టు సరిగా కూర్చోదు. స్కేట్ బోర్డు మీద నిలబడే పిల్లవాడికి హెల్మెట్టు ఉండి తీరాలి. అది వదులైతే లేనట్టే. తలకు పల్చటి నూలు రుమాలు కట్టి, దాని మీద హెల్మెట్టు బిగించండి.

ఇక మఫ్లరు. మా మనవడి మెడకు అమ్మమ్మ కట్టిన మఫ్లరు కొసలు మోకాళ్ల దాకా వేలాడాయి. మోటారు సైకిలు వెనుక కూర్చున్న ఆడపిల్లల చున్నీ చక్రంలో పడి ఎన్ని ఇళ్లలో దుఃఖం వచ్చిందో మన పత్రికలు చదివేవారికి తెలుసు. 1927లో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఇసడోరా డంకన్ అనే పేరుపొందిన నర్తకి కారులో పోతుండగా మెడకున్న పొడవైన పట్టు గుడ్డ చక్రంలో చుట్టుకుని చనిపోయింది. చక్రాల ఆటకు వేలాడే బట్ట ఏదీ వద్దు. మెడకు కావాలంటే కొసలు లేకుండా గుండ్రంగా కుట్టిన గుడ్డ తలలోనుండి తొడగండి. దాన్ని ముక్కు మీదికి లాగుకోవచ్చు కూడా. పిల్లికూతలు వచ్చే పిల్లలకు చల్లటి పొడి గాలి నేరుగా లోపలికి పోవడమే కష్టం. గుడ్డలోనుండి పీల్చిన గాలి కొంచెం వెచ్చబడి, తేమతో పోతుంది. అటువంటి పిల్లలను ఆట మాన్పించవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆటకు ముందు మందు పీల్చాలా అన్నది మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. మా వాడికైతే రాసి ఇచ్చారు.

చేతివేళ్లు, కాలివేళ్లు ఎందుకు ముందు చల్లబడతాయి అంటే, చలి పెట్టగానే ఒళ్లు రక్తాన్ని గుండె వైపు దాచుకుంటుంది. కొసలకు తక్కువ పంపుతుంది. బూట్లు బిగుతుగా ఉంటే ఉన్న రక్తం కూడా పోదు. చలి అని రెండు జతల మేజోళ్లు కుక్కి బూటు బిగించడం వల్ల పాదం ఇంకా చల్లబడుతుంది. ఒక్క జత చాలు, వేళ్లు కదలాలి. చేతులకు గుడ్డ తొడుగులుంటే రెండు లాభాలు: వెచ్చదనం ఒకటి, పడినప్పుడు అరచేతులు గీసుకుపోకుండా ఉండటం రెండవది. బండి పిల్లవాడికి బూట్లు లేవు. వాడి మడమలు పగిలి నెత్తురు వస్తున్నది. రాత్రి కాళ్లు కడిగి తుడిచి కొబ్బరి నూనెనో వాజిలైనో రాసి పడుకోమన్నాము. వాళ్ల ఇంట్లో కొబ్బరి నూనె సీసా అక్క జడకు తప్ప ఇవ్వరట.

నేల సంగతి కూడా చూడాలి. తెల్లవారు జామున సిమెంటు రోడ్డు మీద మంచు తడి ఉంటుంది, కంటికి కనబడదు, చక్రం జారుతుంది. అరచేత్తో తాకి చూడమనండి. మన దగ్గర నవంబరు, డిసెంబరుల్లో వడ్లు రోడ్ల మీదనే ఆరబోస్తారు గదా, పరదాలు తీసుకుపోయాక మిగిలిన గింజలు చక్రం కింద పడితే బోర్డు ఆగిపోతుంది, పిల్లవాడు ఆగడు. ముందు చీపురు, తర్వాత ఆట. పరకాల, భూపాలపల్లి రోడ్డు మీదికి మాత్రం ఏ చక్రమూ పోకూడదు. మంచు కమ్మిన పొద్దున బొగ్గు లారీకి పది గజాల అవతల ఉన్న పిల్లవాడు కనబడడు. ఎండ పడి నేల ఆరిన తర్వాత, ఏడున్నర, ఎనిమిది గంటలకు మొదలు పెడితే సగం బాధలు వాటంతట అవే పోతాయి. మేము ఈ మాట చెబితే మనవడు మూతి ముడిచాడు, ఎందుకంటే బండి పిల్లవాడు ఎనిమిదిన్నరకు బడికి పోతాడు. కడకు ఏడు గంటలకు ఒప్పందం కుదిరింది. మొదటి పది నిమిషాలు చక్రాలు లేవు. ఊరికే నడక, పరుగు, చేతులు తిప్పడం. బిగుసుకున్న కండరంతో పడ్డవాడికి దెబ్బ ఎక్కువ. బండి పిల్లవాడు కూడా తన బండికి అదే చేస్తాడు. రాత్రంతా చలికి బేరింగులలో జిడ్డు గట్టిపడి ఉంటుందని, రెండు చుక్కలు మిషను నూనె వేసి చక్రాలను చేత్తో తిప్పి గాని ఎక్కడు.

ఇప్పుడు చలిమంట. ఆట అయ్యాక పిల్లలు పోయేది అక్కడికే. పత్తి కట్టె, ఎండాకు, కొన్నిసార్లు పాత టైరు కూడా వేస్తారు. టైరు పొగ పెద్దవారికే విషం. పిల్లికూతలు ఉన్న పిల్లవాడు దాని దరిదాపులకు పోకూడదు. పైన చెప్పిన జెర్సీ, నైలాను జాకెట్టు ఒక్క నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. మంట దగ్గర వాటితో కూర్చోనివ్వకండి. నాలుగడుగుల దూరం ఉండాలి, మంటకు వీపు పెట్టి కూర్చోకూడదు, వెనుక ఏమైనా తెలియదు. ఒకవేళ కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారబోయండి. ఇంకు, టూత్ పేస్టు, పసుపు ఏదీ రాయవద్దు. రాత్రి చలి అని నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసుకోవడం మరీ ఘోరం. బొగ్గు మసలుతూ వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

చలికాలంలో పిల్లలు నీళ్లు తాగరు, దప్పి తెలియదు గనుక. చెమట మాత్రం పోతూనే ఉంటుంది. ఆట అయ్యాక గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడి వేడి రాగి జావ ఇవ్వండి. గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క ఇస్తే పిల్లవాడు మళ్లీ పొయ్యి రాజేసుకుంటాడు.

క్రిస్మస్ పాటలకు రాత్రిళ్లు తిరిగే యవ్వనస్థులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక ఇంటి ముందు గంట సేపు డప్పు కొట్టి, ఎగిరి పాడి, చెమటతో తడిసి, అదే చొక్కాతో తెరచిన ట్రాలీలో ఇంకో ఊరికి పోతారు. మరునాడు గొంతు లేదంటారు. సంచిలో ఒక పొడి బనియను పెట్టుకోండి నాయనా.

కప్పుకునే బట్ట గురించి ఆలోచించడం చిన్న విషయం అనుకునేవారు మనలో ఉన్నారు. అపొస్తలుడైన పౌలు చెరసాలలోనుండి తిమోతికి రాసిన రెండవ పత్రికలో, త్రోయలో కర్పు వద్ద ఉంచి వచ్చిన తన అంగీని తెమ్మని అడిగాడు. పుస్తకాలను కూడా అడిగాడు గాని ముందు అడిగింది అంగీనే. చలికాలం రాక ముందే రమ్మన్నాడు. రాతి గోడల మధ్య ముసలి ఎముకలకు చలి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు.

ఆ అంగీ మాట మమ్మల్ని కొంచెం ఇబ్బంది పెట్టింది కూడా. మా సండే స్కూలులో ప్రతి క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త బట్టలు ఇస్తాము. మెరిసే కోటు, గుచ్చుకునే జరీ గౌను. ఫొటోలో బాగుంటుంది, తర్వాత సంవత్సరమంతా పెట్టెలో ఉంటుంది. ఈసారి సంఘ పెద్దలతో కూర్చున్నప్పుడు, ఒక్కొక్కరికి మెరిసే జత ఒకటి ఇచ్చే డబ్బుతో సాదా చొక్కాలు రెండు ఇద్దాము, ఒకటి ఆటకు, ఒకటి ఆట తర్వాతకు అన్నాము. ఒక పెద్దాయన "పండుగ పూట సాదా చొక్కాలా?" అని అసంతృప్తి పడ్డారు. అది ఇంకా తేలలేదు. ఆడపిల్లల సంగతి కూడా అదే సమావేశంలో లేపాలని ఉన్నది. జన్వార్ పల్లెలో ముందు వరుస ఆడపిల్లలకేనట. మా రోడ్డు మీద ఒక్క ఆడపిల్ల కూడా ఆ బోర్డు ఎక్కలేదు, గోడ మీద కూర్చుని చూసేవారు మాత్రం నలుగురున్నారు, చలికి శాలువలు కప్పుకుని. ఆడేవారికి చలి లేదు, చూసేవారికే ఉన్నది.

మా మనవడు తిరిగి వెళ్లే ముందటి రోజు పొద్దున మేము గేటు దగ్గరకు వెళ్లాము. వాడు బేరింగుల బండి మీద ఉన్నాడు, ఆ పిల్లవాడు స్కేట్ బోర్డు మీద, హెల్మెట్టుతో. ఇద్దరి ఒంటి మీదా పల్చటి బనియన్లే. మందిరం గోడ మీద గొంగడి పరచి ఉన్నది, దాని కింద రెండు చొక్కాలు, రెండు స్వెట్టర్లు. రెండవ స్వెట్టరు మా ఇంటావిడది. చేతులు మడచి ఆ పిల్లవాడికి ఇచ్చింది. అంతలో వాడి తాత గొర్లను తోలుకుంటూ వచ్చాడు, భుజాలు చేతులతో పట్టుకుని వణుకుతూ. గోడ దగ్గర ఆగి గొంగడి ఎత్తి చూశాడు.

"ఓరి మీ పాడుగాను! నేనేమో సలికి వణుకుతాన. మీ అంగీలకు సలి పెడ్తాందారా?"